కడుపులో పాప, చేతిలో గోలీ

ఆ రోజు పొద్దున పాలీహౌస్‌లో జెర్బెరా పూలు కోయబోతే వేళ్లు ముడుచుకోలేదు. చేవెళ్ల దగ్గర మా ఊళ్లో పెళ్లయిన నాటి నుంచి చేస్తున్న పనే. మధ్యాహ్నానికి సర్దుకుంది. మరునాడు పొద్దున మళ్లీ అదే. కొన్ని వారాలకు మణికట్లు, మోకాళ్లు వాచాయి.

మొయినాబాద్ దవాఖానలో డాక్టరమ్మ ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు చేయించింది. "రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ గోలీ ఏసుకోవాలె. ఇది వాడినన్ని రోజులు గర్భం రావొద్దు. పిల్లలు కావాలనుకుంటే ముందుగాల నాకు చెప్పు" అంది.

నొప్పులు బాగా తగ్గాక, పిల్లలు కావాలని ముందే చెప్పాను. ఆ గోలీ ఆపించి, గర్భంలోనూ వాడదగిన హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజైన్, వాటితో ఫోలిక్ యాసిడ్ ఇచ్చింది. పాత మందు ఒంట్లోంచి పోయేదాకా, గర్భం కోసం మూడు నెలలు ఆగమంది. ఈలోపే మోకాళ్లు మళ్లీ వాచాయి. మా ఆయన పట్టుకుంటే తప్ప బాత్రూందాకా నడవలేకపోయాను.

"నీకంటె ఎక్కువనా పిల్లలు? ఇడిసిపెడదాం" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. డాక్టరమ్మ తక్కువ డోసు స్టెరాయిడ్‌తో వాపు దించింది.

తర్వాత ఒక పొద్దున కిట్ మీద రెండు గీతలు! నా కేకకు మా ఆయన ముఖానికి సబ్బుతోనే ఉరికొచ్చాడు. అత్తమ్మ సంబరం చెప్పనలవి కాదు. కానీ నా మందులు చూసి బెదిరిపోయింది.

"కడుపుతోని ఉండి గిన్ని గోలీలా? లోపల బిడ్డకేమన్న అయితే ఎట్ల? బంద్ చెయ్యి!"

నాకూ భయమేసింది. ఆమెను వెంటబెట్టుకుని దవాఖానకు వెళ్లాను.

"అమ్మా, బిడ్డకు పడనిది మొదలే బంద్ చేసినం. ఇవి గూడ ఆపితే తల్లికి వాపు లేస్తది. అది బిడ్డకు మంచిది కాదు. ఫికర్ చెయ్యకు" అంది డాక్టరమ్మ.

ఆనాటి నుంచి "గోలీ ఏసుకున్నవా?" అని అడగకుండా అత్తమ్మ నా దగ్గర నుంచి కదిలేది కాదు!

నెలలు నిండేకొద్దీ కీళ్ల నొప్పులు తగ్గాయి. పాప పుట్టింది, వార్డు అదిరేలా ఏడ్చింది! అయితే డాక్టరమ్మ ముందే హెచ్చరించినట్టు, కాన్పయిన కొన్ని వారాలకు జబ్బు తిరగబెట్టింది. పాప చొక్కా గుండీ పెట్టలేక ఏడ్చాను. పాలిచ్చే తల్లి వాడగలిగే మందులతో మళ్లీ తేరుకున్నాను.

ఇప్పుడు పాప మంచం పట్టుకుని నిలబడుతోంది. పడబోతే నేనే ఉరికి ఎత్తుకుంటున్నాను, రెండు చేతులతో!

ఈ జబ్బున్న అక్కచెల్లెళ్లకు ఒక్క మాట: బిడ్డ కావాలన్న ఆలోచన రాగానే, ప్రయత్నం మొదలుపెట్టక ముందే మీ డాక్టరుకు చెప్పండి. ఏ మందు ఆపాలో, ఏది వాడాలో డాక్టరునే చెప్పనివ్వండి.