వాన అని రాశాను

పోయిన శుక్రవారం అలమార ఖాళీ చేస్తుంటే అడుగు సొరుగులో నా పాత సీడీసీ దొరికింది. ఓడల మీద పనిచేసేవాళ్లకి పాస్‌పోర్టుతో పాటు ఉండే పుస్తకం అది. ఏ ఓడ ఎప్పుడు ఎక్కామో, ఎప్పుడు దిగామో అన్నీ అందులో ఉంటాయి. వచ్చే నెల వీసా రద్దు చేయించుకుని కాకినాడ వెళ్లిపోతున్నాం కాబట్టి, మస్కట్‌లో ఈ ఘుబ్రా ఇంట్లో ఇన్నేళ్లుగా పోగుచేసిన సామానంతా హాల్లోకి వచ్చి కూర్చుంది. ప్రతిదానికీ మా ఆవిడ ఒకటే ప్రశ్న, ఉంచేదా పారేసేదా అని. ఈ పుస్తకం దగ్గర మాత్రం అడగలేదు. దుమ్ము తుడిచి, కట్టుకెళ్లే పెట్టెలో పెట్టేసింది. ఆవిడకి దాని సంగతి తెలుసు.

ఓడ ఉద్యోగం మానేసి ఇక్కడే అల్ ఖువైర్‌లో ఒక షిప్పింగ్ కంపెనీలో కుర్చీ ఉద్యోగానికి వచ్చాక, కుర్చీతో పాటు షుగరూ వచ్చింది. మూణ్ణెల్లకోసారి మా బిల్డింగు వెనక క్లినిక్కులో రక్తం ఇవ్వాలి. అక్కడ నర్సులంతా మలయాళీలు, ఒక్కావిడ తప్ప. ఆవిడది తూర్పున ఎక్కడో ఉన్న దీవి. పొట్టి మనిషి, ఉంగరాల జుట్టు గట్టిగా ముడేసుకునేది. నా చేతిలో నరం దొరకడం కష్టం. మిగతావాళ్లు మూడు చోట్ల పొడిచి, నేనే సారీ చెప్పాల్సి వచ్చేంత బాధపడేవాళ్లు. ఈవిడ మొదటిసారికే పట్టేసేది. అందుకని ఆవిడ డ్యూటీ కనుక్కుని మరీ వెళ్లేవాణ్ణి. సూదంటే నాకు భయం. అది బయటపడకుండా నా సముద్రం కబుర్లు ఎత్తుకునేవాణ్ణి. తుపాన్లు, రేవులు, చూసిన దేశాలు. నేను చెప్పినన్ని తుపాన్లు నిజానికి నా సర్వీసులో రాలేదు.

అలా గొప్పలు పోతూనే ఒకరోజు, మీదే ఊరు సిస్టర్ అని అడిగాను. ముందు దేశం పేరు చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి దీవి పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను, ఆవిడవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. నేను ఉత్సాహంగా, మీ రేవు చూశాను, మా ఓడ అక్కడ వారం రోజులు లంగరేసి ఉంది అన్నాను. ఎప్పుడని అడిగింది. నెలా సంవత్సరం చెప్పేశాను. చెప్పాక గాని నాకు తట్టలేదు, ఏం చెప్పానో.

ఆవిడ నా చేతికి కట్టిన రబ్బరు పట్టీ విప్పి, స్టూలు మీద కూర్చుని చెప్పింది. వాళ్లు తమ దీవి తమకే కావాలని అడిగిన రోజులవి. రేవు పక్క మైదానంలో జెండా ఎగరేసి, దాని కింద కూర్చుని నాలుగు రోజులు పాటలు పాడారు. చేతుల్లో కర్ర కూడా లేదు. ఐదోరోజు తెల్లవారుతుంటే సైన్యం వచ్చి కాల్చింది. ఆవిడ తమ్ముడు ఆ జెండా కిందే ఉన్నాడు. మళ్లీ కనపడలేదు. ఊళ్లో ఎవరూ చనిపోలేదని, కనపడనివాళ్లు దీవి వదిలి పారిపోయారని ప్రభుత్వం అంది. శవాలను సముద్రంలో పడేశారని జనం అన్నారు. కళ్లారా చూసిన బయటివాడు ఒక్కడూ లేడు.

"సార్, మీరు ఆ రోజు ఏమైనా చూశారా?" అని అడిగింది.

"వాన పడుతోంది సిస్టర్. ఏమీ కనపడలేదు" అన్నాను.

నెల తిరక్కుండా ఆవిడ మా ఇంటికొచ్చింది, చేతిలో ఒక కాగితాల ఫైలుతో. వేరే దేశంలో కొందరు రిటైరైన జడ్జీలు కూర్చుని ఈ కేసు వినబోతున్నారట. శిక్ష వేసే అధికారం లేదు. విని, జరిగింది జరిగినట్టు రాసి, ప్రపంచానికి చెబుతారు, అంతే. తప్పించుకున్నవాళ్లు పదిమంది దాకా చెబుతున్నారు గాని, సొంతవాళ్ల మాటకి విలువివ్వరు. వాన పడుతోందన్న మాటైనా సరే, ఓడ అక్కడ ఉందన్న సంగతైనా సరే, సంతకం చేసి ఇస్తారా అని అడిగింది. మా ఆవిడ కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి మా ఆవిడకి ఆ రోజు అసలు సంగతి చెప్పి ఉన్నాను. నేను కంపెనీ రూల్సు, వీసా, అమ్మాయి పదో తరగతి, ఏవేవో చెప్పుకుపోయాను. మా కంపెనీ ఓడలు ఆ దేశానికి తిరుగుతాయి, అది నిజమే. కాని అడిగితే మా బాస్ వద్దంటాడో లేదో నాకు తెలీదు, నేను అడగలేదు. సిస్టర్ కాఫీ పూర్తిగా తాగి, కప్పు తీసుకెళ్లి సింకులో పెట్టి వెళ్లిపోయింది.

"ఆవిడకి తెలిసిపోయింది. మీ మొహం చూస్తూనే తాగింది ఆ కాఫీ" అంది మా ఆవిడ. ఆ తర్వాత ఈ విషయం ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను, పోట్లాడి గెలవొచ్చు కదా.

ఆ తర్వాత రక్తపరీక్షకి వేరే క్లినిక్కుకి వెళ్లాను. మోచేయి కమిలిపోయి ఇంటికొచ్చేవాణ్ణి. అమ్మాయి పరీక్షలయ్యాయి, రిజల్ట్సూ వచ్చాయి. చెప్పుకోడానికి ఇంకే సాకూ మిగల్లేదు. ఒక మధ్యాహ్నం, ఒంటిగంటకి క్లినిక్కు మూసేసే వేళకి, సీడీసీ జేబులో పెట్టుకుని వెళ్లాను. సిస్టర్ నన్ను రక్తం తీసే గదిలో కూర్చోబెట్టి, నోట్‌బుక్ తెచ్చుకుంది.

చెప్పాను. నేనప్పుడు థర్డ్ ఆఫీసర్ని. తెల్లవారుజామున చప్పుళ్లు విని టపాకాయలనుకుని మళ్లీ పడుకున్నాను. ఎనిమిదికి డ్యూటీ ఎక్కి బైనాక్యులర్స్‌తో చూస్తే, జెట్టీ మీద మిలిటరీ ట్రక్కులున్నాయి. సైనికులు మనుషుల్ని కాళ్లూ చేతులూ పట్టుకుని ఒక నేవీ ఓడలోకి చేరవేస్తున్నారు. మా కెప్టెన్ వచ్చాడు, చూశాడు, బైనాక్యులర్స్ పెట్టెలో పెట్టేశాడు. లాగ్ బుక్కులో భారీ వాన, దూరం కనిపించడం లేదు అని రాయమన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను రాశాను. నా చేతిరాత చాలా బాగుంటుంది. ఆ నేవీ ఓడ నడిసముద్రం వైపు వెళ్లింది. పన్నెండు కాకముందే తిరిగొచ్చింది. డెక్కు ఖాళీగా ఉంది, పైపులతో కడుగుతున్నారు.

అక్కడితో ఆపుదామనుకున్నాను. ఆవిడ పెన్ను ఎత్తకుండా చూస్తోంది. ఇంకొకటి చెప్పాను, మా ఆవిడకి కూడా చెప్పనిది. మోసుకెళ్తున్నవాళ్లలో ఒకడు చేయి ఎత్తాడు. అందరూ చనిపోయి లేరు.

 ఆవిడ అడిగింది, "అతని చొక్కా ఏ రంగు?"

"తెలీదు సిస్టర్. తల తిప్పేసుకున్నాను."

ఆవిడ నోట్‌బుక్ నా వైపు తిప్పి, పెన్ను చేతికిచ్చింది. "అది కూడా రాయండి సార్" అంది.

రాశాను. సంతకం చేశాను. సీడీసీలో ఆ పేజీ జిరాక్స్ తీసి జతచేశాం. అప్పుడు చెప్పింది ఆవిడ, విచారణ రెండు నెలల కిందటే అయిపోయిందని. జడ్జీలు కాల్పులు జరిగాయనీ, సైన్యానిదే బాధ్యత అనీ తేల్చారు. శవాలను సముద్రంలో పడేశారన్నది మాత్రం, బయటి సాక్షి లేనందున, నిర్ధారించలేకపోయామని రాశారట. ఆ వాక్యం నాకు చదివి వినిపించలేదు. ఫైల్లోంచి తీసి చూపించింది. నేను రాసే అక్షరాల కంటే చిన్న అక్షరాల్లో ఉంది.

నా కాగితం పంపించాం. అందిందనీ, రికార్డులో చేర్చామనీ రెండు లైన్ల జవాబొచ్చింది. తీర్పు మారలేదు. ఇప్పటిదాకా ఎవరికీ శిక్ష పడలేదు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. కంపెనీలో ఎవరూ అడగను కూడా లేదు. మరుసటేడు సిస్టర్ వేరే దేశంలో పని దొరికి మస్కట్ వదిలి వెళ్లిపోయింది. వెళ్లేముందు మా ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పి వెళ్లింది. నేనప్పుడు ఇంట్లోనే ఉన్నాను, లోపలి గదిలో. పిలిస్తే వెళ్దామని కూర్చున్నాను. పిలవలేదు.

నాకిప్పుడు అరవై దగ్గరపడుతోంది. ఆ మధ్యాహ్నం కంటే రెండు నెలలు ముందు వెళ్లి ఉంటే సరిపోయేది. ఇంతకాలం బతికిన మనిషి దగ్గర ఆ రెండు నెలలే లేకపోయాయి.