సార్ ఆపని సర్వర్

మా ల్యాబ్ సార్ పోయారన్న వార్త నాకు మా ఆట వాట్సాప్ గ్రూపులోనే తెలిసింది. రెండేళ్ల కింద ఆయన మీద నేను నోరు పారేసుకున్నదీ ఆ గ్రూపులోనే. అందరూ దండాలు పెడుతూ రాస్తుంటే నేను ఫోన్ పక్కన పెట్టేశాను. ఏ ముఖం పెట్టుకుని రాయాలి?

కర్నూలులో డిప్లొమా చదివేటప్పుడు మాకు లైనక్స్ నేర్పింది ఆయనే. రిటైరయ్యాక ఓర్వకల్లు దగ్గర సొంతూరికి చేరి, కాలేజీ వేలంలో తెచ్చుకున్న పాత కంప్యూటర్ మీద మా కోసం ఒక ఆట సర్వర్ పెట్టారు. దిమ్మెలు పేర్చి ఊరు కట్టే ఆట. కడపలో, రాజంపేటలో, ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో ఉన్న పాత శిష్యులం ఆదివారం పొద్దున అందులో కలిసేవాళ్లం. మా పాత ల్యాబ్ కూడా కట్టుకున్నాం. సర్వర్ పాస్‌వర్డ్ ఆయన తర్వాత నా ఒక్కడి దగ్గరే ఉండేది. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే.

ఏ మిషన్ ముట్టుకునే ముందైనా సార్ కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని, పది నిమిషాలు స్క్రీన్ చూస్తూ కూర్చునేవారు. మాకు ఒళ్లు మండేది. ఫైల్లో ఏ లైను మార్చినా ఎందుకు మార్చారో దాని పైన రాసేవారు. ఎండాకాలం గోనెపట్టా తడిపి కిటికీకి కట్టేవారు. ఎందుకు సార్ అంటే, "దానికీ ఉడక పోస్తాది గదప్పా" అనేవారు.

రెండేళ్ల కిందటి ఎండల్లో ఆట మొరాయించింది, ల్యాగ్ అంటాం మేం. నాలుగడుగులు వేసిన మనిషి మళ్లీ మొదటికొచ్చి పడేవాడు. తవ్విన దిమ్మె తిరిగి మొలిచేది. ఇంటి నుంచే సర్వర్‌లోకి వెళ్లి చూస్తే సీపీయూ పనితో నిండిపోయి ఉంది. నడుస్తున్న పనుల జాబితాలో అన్నింటికన్నా పైన ఆట పేరే కనిపిస్తే, మిషన్‌కు వయసైపోయిందని తేల్చేశాను. సార్ ఫోన్ చేశారు.

"తొందరపడొద్దప్పా. పైన కనపడేదాన్నే తిట్టొద్దు. కిందున్నవి సూడు, వాట్ని ఎవరు లేపినారో సూడు."

పెద్దాయన చాదస్తం అనుకున్నాను. 'సార్ ముసలి డబ్బాతో ఇంక లాభం లేదు, పదండి' అని గ్రూపులో రాసి, అందరినీ వేరే సర్వర్‌కు తీసుకుపోయాను. ఆ గ్రూపులో సార్ కూడా ఉన్నారు. వారం తర్వాత నాకు ఒక మెసేజ్ పెట్టారు: 'ఇప్పుడు బాగుండాది. ఒకసారి వచ్చి సూడప్పా.' బొటనవేలు బొమ్మ పంపి ఊరుకున్నాను. పోలేదు. ఒక్కసారి కూడా పోలేదు.

దినాలు అయ్యాక సార్ భార్య ఫోన్ చేసింది. ఆమెను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. "ఆ మిషన్ గుయ్‌మంటానే ఉండాది నాయనా. ఆపేది నాకు తెలీదు, నువ్వు రా" అంది.

బండేసుకుని పోయాను. కిటికీకి గోనెపట్టా ఎండి బిర్రబిగుసుకుపోయి ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని, ఆయనలాగే పది నిమిషాలు ఊరికే చూశాను. సీపీయూ హాయిగా ఉంది. అప్పుడు, వేళ ప్రకారం వాటంతట అవే నడిచే పనుల జాబితా తెరిచాను.

అందులో నేను రాసిన లైను ఒకటి ఉంది. ఐదు నిమిషాలకోసారి ఆటలోని మా ఊరి పటం గీసే పని. నలుగురికీ చూపించుకోవాలని పెట్టి, మరిచిపోయాను. దాని పైన సార్ మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'ఊరు పెద్దదయింది. బొమ్మకు ఐదు నిమిషాలు చాలడం లేదు. ఒకటి ముగియకముందే ఇంకొకటి మొదలై అన్నీ మీద పడుతున్నాయి. రోజుకొకటి చాలు, తెల్లారగట్ల. తీసెయ్యొద్దు, వానికి ముచ్చట.'

అంటే మిషన్‌ను కుదేలు చేసింది నేనే. సార్ కనిపెట్టారు, బాగుచేశారు, గ్రూపులో ఒక్క ముక్క అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

రెండేళ్ల పటాలన్నీ ఉన్నాయి. వరసగా తిప్పాను. మొదట్లో ఊరు బోసిగా ఉంది. తర్వాత ల్యాబ్ ముందు ఒక బల్ల వచ్చింది, దానిపై ఒక పేరు. కొన్ని రోజులకు ఇంకొకటి. మేమెంత మందిమో అన్ని బల్లలు, ఆయన ఒక్కరే పెట్టుకుంటూ పోయారు. నా బల్ల ఆయన బల్ల పక్కనే.

అక్కడే కూర్చుని గ్రూపులో రాశాను: 'ఆ ల్యాగ్ నా వల్ల. సార్ మిషన్ వల్ల కాదు.' కింద ఆ లైను ఫోటో పెట్టాను.

వాకిట్లోంచి అమ్మ అడిగింది, "ఆపితివా నాయనా?"

"ఈ ఆదివారం దాకా ఉండనియ్యమ్మా" అన్నాను. గోనెపట్టా తడిపి మళ్లీ కిటికీకి కట్టి వచ్చాను.

ఆదివారం పొద్దున ఒక్కొక్కరే సార్ సర్వర్‌లోకి వచ్చి ఎవరి బల్ల దగ్గర వాళ్లు నిలబడ్డారు. ఊరి మొదటి నుంచి నా బల్ల దాకా నడిచాను. ఒక్క అడుగు కూడా వెనక్కి పడలేదు.