నెత్తిమీద కట్టాల్సిన తాడు

మా ఊరు కోడేరులో ఎవరు బావి పూడిక తీయించినా మా నాయన ఈరన్న అక్కడ హాజరు. ఎవరూ పిలవరు. కుంటుకుంటూ తానే పోయి, మనిషి దిగబోతుంటే ఆపి, తాడు ఎక్కడ కట్టారో చూస్తాడు. పక్కనున్న వేపచెట్టుకు కట్టారా, ఇక తిట్లే.

"మనిషి ఏడ పనిచేస్తే తాడు గాడ్నే, సక్కగ నెత్తిమీద ఉండాలె. పక్కకు జరిగి జారినవంటే తాడు ఆపదురా, ఊపుతది!"

జనం నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆయన ఊరికే అనడం లేదని నాకు తెలుసు. 1984లో ఆయనా అమ్మా పడమటి దిక్కున ఒక ఆనకట్ట పనికి పోయారు. పాలమూరు కూలీలు కట్టని ఆనకట్ట లేదంటారు, మా చేనుకు మాత్రం చుక్క నీళ్లు లేవు. ఆరేళ్లదాన్ని, నన్ను అవ్వ దగ్గర వదిలారు. నాయన ఎత్తు గోడమీద, నడుముకు బెల్టు, దానికి తాడు కట్టుకుని పనిచేసేవాడు. ఒకరోజు తాడు కట్టిన చోటు వదిలి గోడ కొసదాకా జరిగాడు. కాలు జారింది. తాడు తెగలేదు, ఆయన నేలమీద పడలేదు. బావిలో చేద గోడకు కొట్టుకున్నట్టు ఊగిపోయి స్తంభానికి గుద్దుకున్నాడు. తుంటి విరిగింది.

పన్నెండేళ్ల తర్వాత, నాగన్న బావి దగ్గర మళ్లీ అందరూ నవ్వారు. ఇంటికి వస్తుంటే కోపం ఆపుకోలేక అడిగేశాను.

"ఇంత తెలిసినోనివి, గా దినం నువ్వెందుకు పక్కకు జరిగినవ్ నాయనా?"

ఆయన నిలబడిపోయాడు. "గోడ కొసకు పోతే రోడ్డు కనబడ్తది బిడ్డా. మనూరి కూలోళ్లను తెచ్చే మేస్త్రీ లారీ వచ్చే దినమది. నిన్ను తోలుకొస్త అన్నడు. నిన్ను సూడక పానం కొట్టుకుంటుండె."

ఆ లారీ మా ఊరికి వచ్చినప్పుడు నేను గడ్డివాము వెనక దాక్కున్నాను. నాయన కావాలని రోజూ ఏడ్చేదాన్నే, కానీ తెలియని మనుషులతో లారీ ఎక్కాలంటే భయం. అవ్వ వెతికి వెతికి, ఈసారికి రాదులే అంటే మేస్త్రీ వెళ్లిపోయాడు. నేను దాక్కున్నానని తెలిసిన అవ్వ కూడా చనిపోయింది, ఇప్పుడా సంగతి నాకొక్కదానికే తెలుసు.

"మరి ఎందుకు రాకపోతివి?" అన్నాడు. నిష్ఠూరమేమీ లేదు.

"జరమొచ్చింది నాయనా."

"అయ్యో బిడ్డా" అంటూ చేయి చాపి నా నుదురు ముట్టి చూశాడు. చాలాసేపు చేయి తీయలేదు.