మూడూళ్ల నడిబొడ్డున ఒక కొలువు

గోవర్ధన్‌కు ఏటా ఎండాకాలంలో ఒంట్లో నలతగా ఉండేది. దవాఖానలో చూపిస్తే దొరికే జబ్బు కాదది. సూర్యాపేట కాలేజీలో అతను భౌతికశాస్త్రం డిమాన్‌స్ట్రేటరు. ఏప్రిల్ ఆఖరున ఉద్యోగం తీసేసి, జూలైలో మనసు పుడితే మళ్లీ పిలిచేవారు. పెళ్లికి ముందు అదొక లెక్కగా ఉండేది కాదు. కూతురు పుట్టాక మాత్రం, ఆ పసిది తుమ్మినా అతనికి ఏప్రిల్ నెలే గుర్తొచ్చేది.

డెబ్బై నాలుగులో యూనివర్సిటీకి భవిష్యత్తు మీద బెంగ పట్టుకుంది. పదిహేనేళ్ల ప్రణాళిక వేసి, ఈ వైపు ఒక పీజీ కేంద్రం పెట్టాలని తీర్మానించి, జగన్మోహన్ అనే ప్రణాళికాధికారిని హైదరాబాదు నుంచి జీపులో పంపారు. ఆయన వెంట రంగు పెన్సిళ్లు చాలా వచ్చాయి. కేంద్రంలో ఏ ఏట ఎందరు చదువుతారో, నీళ్ల ట్యాంకు ఎప్పుడు కడతారో, రిటైరయ్యే ప్రొఫెసరుకు ఏ హాల్లో సన్మానం జరుగుతుందో కూడా రాసుకొచ్చాడు. ఆ కేంద్రం ఏ ఊళ్లో ఉంటుందో మాత్రం రాయలేదు.

కాలేజీ ల్యాబులో మూడూళ్ల పెద్దలు కూర్చున్నారు. బస్సులన్నీ తమ ఊళ్లోనే ఆగుతాయి కాబట్టి చదువూ అక్కడే ఆగాలని సూర్యాపేటవారన్నారు. పిల్లలు బెజవాడకు పోకుండా అడ్డుపడాలంటే కోదాడలోనే పెట్టాలండీ అని అక్కడి ప్లీడరు వాదించాడు. మిర్యాలగూడ రైసుమిల్లు యజమాని ఈశ్వరయ్య అందరికన్నా ముందడుగు వేశాడు.

"మా ఊర్లె పెడితే షెడ్డు నేనే ఇస్త. వడ్లు వచ్చే కాలంల మాత్రం ఖాళీ చెయ్యాలె."

పొద్దు వాలినా తేలలేదు. శాస్త్రీయమైన పద్ధతి ఏదైనా ఉంటే బాగుండునని జగన్మోహన్ నిట్టూర్చాడు. చాయ్ కప్పులు అందిస్తున్న గోవర్ధన్ నోరు ఊరుకోలేదు. మూడూళ్లనూ మూడు మూలలుగా అట్ట కత్తిరించి, ఒక్కో మూల నుంచి వేలాడదీసి, రాయి కట్టిన దారం వెంట గీత గీస్తే, గీతలన్నీ కలిసే చోటే నడిమధ్య అవుతుందని చెప్పాడు. జగన్మోహన్ ముఖం వెలిగింది.

"శబాష్. జాగా మార్చిలోపల తేలిందనుకో, ఆ కేంద్రంల మొదటి నౌకరి నీదే. పర్మనెంటు."

"తేలకపోతే, సార్?"

"ప్లానే వాపస్ పోతది."

గోవర్ధన్ ఇంటికెళ్లి భార్య శ్యామల పెళ్లిచీర పెట్టె అట్టను కత్తిరించాడు.

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు, బడి లేకముందే పంతులు నౌకరా?" అంది శ్యామల. అన్నదే గాని, కత్తెర తనే వెతికి ఇచ్చింది.

మర్నాడు అట్టను వేలాడదీశారు. గీతలు కలిసిన చోటును పటంలో చూస్తే, బస్సు రోడ్డుకు కోసెడు దూరంలో ఒక తండా తగిలింది. అందులోనూ ఫకీరా అనే రైతు పొలం. పెద్దలు ముగ్గురూ ఒక్కసారిగా అట్టను తప్పుపట్టారు. తన మిల్లుల బరువు దానికేం తెలుసునని ఈశ్వరయ్య అడిగాడు. ఆ మాటలో న్యాయముందని జగన్మోహన్ మిర్యాలగూడ మూలన ఒక అట్టముక్క అంటించమన్నాడు. గీతలు కలిసే చుక్క అటు జరిగింది. సూర్యాపేటవారు లేచారు. వాళ్ల మూలకూ అంతే ముక్క. కోదాడ ప్లీడరు ఊరుకుంటాడా? అక్కడా అంతే. తమ బరువు తాము వేసుకున్నామన్న తృప్తితో పెద్దలు చల్లబడ్డారు. కడసారి వేలాడదీస్తే గీతలు మళ్లీ ఫకీరా పొలంలోనే కలిశాయి. మూడు మూలలా సమానంగా బరువు పెడితే నడుమ కదలదని గోవర్ధన్‌కు తెలుసు. కూతురు మనసులో మెదిలింది. నోరు మూసుకున్నాడు. తీర్మానం ఏకగ్రీవంగా పాసయింది.

జాగా చూడడానికి జగన్మోహన్, గోవర్ధన్ వెళ్తే ఫకీరా నారుమడి సిద్ధం చేస్తున్నాడు. కాలువ నీళ్లు ఆ పొలానికి పారడం అదే మొదలు. ఆ మనిషికి ఎలా చెప్పాలో తెలియక గోవర్ధన్ వెనకే నిలబడ్డాడు. జగన్మోహన్ మాత్రం కాగితాలు విప్పి అంతా వివరించాడు.

"గోడలు ఎప్పుడు లేస్తయి, సారూ?"

"ఐదో ఏట."

"గప్పటిదాంక నేనేం చెయ్యాలె?"

జగన్మోహన్ కాగితాలన్నీ తిరగేశాడు. ప్రణాళికలో ఫకీరా గురించి ఎక్కడా లేదు.

"నా ముచ్చటే లేదంటే, దున్నుకుంట," అని ఫకీరా ఎడ్లను అదిలించాడు.

జూన్‌లో ఆర్డరు వచ్చింది. పర్మనెంటే. శ్యామల వాడకట్టంతా చక్కెర పంచింది. తరువాతే ఇద్దరూ పూర్తిగా చదివారు. గోడలు ఐదో ఏటగాని లేవవు, డిమాన్‌స్ట్రేటరు మాత్రం మొదటి ఏడు నుంచే ఉండాలి. రోజూ కేంద్రం స్థలంలోనే హాజరు కావాలి. స్థలం దాటి కనబడితే జీతం ఆగుతుంది.

"ఎండాకాలంల తీసేస్తరా?" అని శ్యామల అడిగింది.

"తియ్యరు."

"మరింక సోచాయించుడెందుకు? పో."

పొద్దున బస్సు దిగి, కోసెడు నడిచి, ఫకీరా దగ్గర అడిగి తెచ్చుకున్న కుర్చీని మడిలో వేసుకుని గోవర్ధన్ కూర్చునేవాడు. విద్యార్థులు లేరు. కొంగలుండేవి. తనిఖీకి జీపు వస్తుందేమోనని రోడ్డుకేసి చూస్తూ, పిల్లకు వేయించాల్సిన టీకాల గురించి ఆలోచించేవాడు.

ఒక పొద్దున ఫకీరా దూరం నుంచే కేకేశాడు.

"సారూ, జర గట్టు మీదికి జరుగుండ్రి. తూము తీసిన."

గోవర్ధన్ లేచి కుర్చీ ఎత్తాడు. గట్టు కేంద్రం కిందికి వస్తుందో రాదో ఆర్డరులో లేదు. కాసేపు ఆలోచించి, కుర్చీ రెండు కాళ్లు గట్టు మీద, రెండు కాళ్లు మడిలో ఉండేలా వేసి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, ఒరిగి కూర్చున్నాడు. నీళ్లు వచ్చి అతని పాదాలు తడుపుకుంటూ పోయాయి.