బాప్తిస్మం తేదీ

1961 జూన్ 12, సోమవారం, ఉదయం పదీ నలభై. తోటపల్లి గూడూరు పోస్టాఫీసులో వైద్య కళాశాల దరఖాస్తును రిజిస్టరు చేసి, రసీదు మడుచుకుంటూ మెట్లు దిగుతున్నాను. రెండో మెట్టు మీద గుర్తుకొచ్చింది. పుట్టిన తేదీ గడిలో జూన్ 25 అని రాశాను. నేను పుట్టింది జూన్ 3న.

మా ఇంట్లో పుట్టినరోజులు చేసేవారు కాదు. చిన్నప్పుడు బాప్తిస్మం ఇచ్చిన రోజే మాకు పండుగ. ఏటా జూన్ 25న అమ్మ సేమ్యా పాయసం వండేది, నాయన ప్రార్థన చేసేవాడు. నా తేదీ అంటే అదే. బళ్ళో చేర్చినప్పుడు మాత్రం, తాను అక్కడే మాస్టరు కనుక, నాయన ఇంటి బైబిలు అట్ట లోపల రాసుకున్నది చూసి సరైన తేదీ వేయించాడు. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలో ఉన్నది ఆ తేదీయే. దాని నకలు కూడా అదే కవరులో పెట్టాను.

వెనక్కి వెళ్ళి కవరు ఇమ్మని పోస్టుమాస్టరును బతిమాలాను.

"అదిప్పుడు సర్కారు సొత్తమ్మా. డాక్టరమ్మవి కాకముందే ఇట్ట తత్తరపడితే, రేపు సూది ఎవురికి గుచ్చుతావో ఏమో!" అన్నాడాయన. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

ఇంటికొచ్చి చెబితే నాయన పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"ఇరవై రెండు రోజులు ఎవురు జూస్తారు పాపా? గమ్మునుండు. మనమే వేలు పెట్టి చూపించినట్టవుద్ది."

"తప్పుంటే దిద్దుకోమని నువ్వే గదా నాయనా చెప్పినావు."

"బళ్ళో పిల్లకాయలకి చెప్పినా. నీకు జెప్పలా."

మూడు రోజులు అన్నం సయించలేదు. గురువారం, 15న, ఒక్కదాన్నే బస్సెక్కి మనుబోలు వెళ్ళాను. అది మా అమ్మ పుట్టిల్లు, నేను పుట్టిన ఊరు. నాకు బాప్తిస్మం ఇచ్చిన పాదిరి గారు ఇంకా అక్కడే ఉన్నారు. నా తేదీకి ధ్రువపత్రం కావాలన్నాను. ఆయన రిజిస్టరు తీసి, రాసి, కవరుకు లక్క ముద్ర వేశారు.

"విప్పొద్దమ్మా, విప్పితే చెల్లదు."

విప్పలేదు. తప్పు ఒప్పుకుంటూ నేను రాసిన ఉత్తరంతో కలిపి అక్కడి పోస్టాఫీసులోనే రిజిస్టరు చేశాను. తిరుగు బస్సులో, మనుబోలు దాటాక, ఇంకో ఆలోచన వచ్చింది. చర్చి రిజిస్టరులో ఉండేది ఏ తేదీ?

ఆ నెల 25 ఆదివారం వచ్చింది. అమ్మ పాయసం వండింది. నేను గిన్నె ముట్టలేదు.

జూలై 11, మంగళవారం ఉత్తరం వచ్చింది. దరఖాస్తులోని తేదీని ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ప్రకారం తామే సరిచేసుకున్నామనీ, నాకు సీటు కేటాయించామనీ రాశారు. ఆ తరువాత వచ్చిన చర్చి పత్రంలో మళ్ళీ జూన్ 25 అని ఉన్నందువల్ల తహశీల్దారు ధ్రువపత్రం 15వ తేదీ లోపల చేరాలనీ, లేకపోతే సీటు తరువాతివారికి ఇస్తామనీ రాశారు. మొదటి తప్పు నాకు అన్నం సయించని ఆ రోజుల్లోనే దిద్దుబాటయిపోయింది. రెండోది నేను చేతులారా పంపింది.

నాయన బుధవారం నెల్లూరు వెళ్ళాడు. తహశీల్దారు గారు క్యాంపులో ఉన్నారు. శనివారం, 15న, మధ్యాహ్నం మూడింటికి సంతకం దొరికింది. పత్రం సోమవారం చేరింది. సీటు వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు నాయనే కొత్త ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు. పేరు రాశాను, ఊరు రాశాను. తేదీ గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. గడువు దాటేదాకా ఆ ఫారం అక్కడే ఉంది. ఆ తరువాత టీచరు ట్రైనింగులో చేరాను.

రెండు తేదీల మధ్య తేడా ఇరవై రెండు రోజులు. ఆలస్యం రెండు రోజులు. పోయినవి: ఒక సీటు, ఒక ఏడాది, సగం నింపిన ఒక ఫారం, జూన్ 25 పాయసం. అమ్మ దాన్ని మళ్ళీ వండలేదు.