మొదటి రాయి దాకా

చైన్‌మన్ సాబ్ పోయిన నెల పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో చనిపోయాడు. ఆయన కొడుకు ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను మైత్రీవనం వెనక గల్లీలో నా జిరాక్స్ దుకాణం షట్టరు ఎత్తుతున్నాను. రెండు రోజులకు ఆ కొడుకే పెద్దకర్మ కార్డు కొట్టించడానికి వచ్చాడు. మాటలు కాగితం మీద రాసుకొచ్చాడు. ‘ప్రకృతి ప్రేమికుడు, ఉదయపు నడకతో అందరికీ ఆరోగ్య మార్గం చూపిన మా నాన్నగారు’ అని ఉంది.

“డాడీకి వాకింగ్ అంటే పిచ్చి గదన్నా. గంతే రాయి” అన్నాడు.

టైపు చేసి ఇచ్చాను. అప్పటినుంచి నా కోపం తగ్గలేదు. ఆయన ఆరోగ్యం కోసం నడవలేదు. ప్రకృతి సంగతికొస్తే, నెమలి కనబడితే నేను ఆగేవాణ్ణి, ఆయన ముందుకు పోతూనే ఉండేవాడు. ఎందుకు నడిచాడో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి నేనే రాయాలి.

ఆయన సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి కొలిచేటప్పుడు గొలుసు కొస పట్టుకొని ముళ్లలో, బురదలో నడిచేవాడు చైన్‌మన్. కాగితం మీద సంతకం మాత్రం ఇంకొకరిది. అమీర్‌పేటలో ఎవరో ఎగతాళికి ‘సాబ్’ అని తగిలించారు. అదే నిలిచిపోయింది.

మొదటిసారి నా దుకాణానికి ఒక పాత నక్షా జిరాక్స్ తీయించడానికి వచ్చాడు. సిటీకి పడమర ఉన్న ఒక రిజర్వాయరుకు సర్వేవాళ్లు గీసిన పటం అది. తీసిచ్చాను, తీసుకుపోయాడు. మర్నాడు మళ్లీ వచ్చి చెక్క స్కేలు, నక్షా, నా కాపీ మూడూ టేబుల్ మీద పరిచాడు.

“చూడు. నీ మిషిన్ చెరువుల నీళ్లు తాగింది.”

కాపీ అంచులు తెగకుండా మిషిన్ తనంతట తానే బొమ్మను కొద్దిగా చిన్నది చేస్తుంది. కోచింగ్ నోట్సు తీసుకునేవాళ్లెవరికీ అది పట్టదు. నాకు కూడా అంతకుముందు పట్టలేదు.

“జరంత తక్కువైతే ఏమైతది సాబ్?”

“నీ దుకాణం జరంత తక్కువ చేస్తె ఊకుంటవా? స్కేలు పోయినంక అది నక్షా కాదు, బొమ్మ.”

ఆ రోజునుంచి నేను ఆయనకు ‘జిరాక్స్’ని. వచ్చే ఆదివారం తనతో రమ్మన్నాడు. ఊళ్లో గొర్లు కాసినవాణ్ణి, ఎన్నో ఏళ్లుగా సిమెంటు మీదనే నడుస్తున్నాను. వెళ్లాను. ఆ తర్వాత ఆరేళ్లు దాదాపు ప్రతి ఆదివారం వెళ్లాను.

మొదటి బస్సుకు పోయి, ఆ రిజర్వాయరు కట్ట చివర ఉన్న మొదటి రాయి దగ్గర మొదలుపెట్టేవాళ్లం. నీళ్లు ఎడమచేతికి ఉండాలి. కట్ట దిగగానే నీలగిరి చెట్లు, వాటి వెనక మోదుగ, సీతాఫలం కలిసిన చిట్టడవి. అది దాటితే చెట్టు లేని బోడ నేల. గడ్డి, బండలు, గాలి. ఊరి పశువులు మేసే ఉమ్మడి నేల అది, పాత కాగితాల్లో బంచరాయి అని రాసి ఉంటుంది. చుట్టూ తిరిగి రావడానికి నాలుగు గంటలు పట్టేది. నీళ్లు నిండితే ఎంతవరకు వస్తాయో అక్కడల్లా హద్దు రాళ్లు పాతి ఉన్నాయి. రాయి దగ్గరికి రాగానే ఆయన ఎడమ జేబులోంచి ఒక చింతగింజ తీసి కుడి జేబులో వేసుకునేవాడు. అంకె మాసిపోయి ఉంటే సంచిలోంచి తెల్ల పెయింటు డబ్బా, అరిగిన టూత్‌బ్రష్ తీసి దిద్దేవాడు. ఆ పని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కట్ట మీద టీ కొట్టు ఉన్నా, చుట్టు పూర్తయ్యేదాకా టీ తాగేవాడు కాదు, నన్నూ తాగనిచ్చేవాడు కాదు.

ఒకసారి సగం దూరంలో నాకు మోకాలు పట్టేసింది. వచ్చిన బాటనే వెనక్కి పోదామన్నాను.

“ఏడ మొదలువెట్టినమో ఆడికే వచ్చి కలవాలె జిరాక్స్. కలిస్తెనే కొలత. లేకుంటె ఉత్త తిరుగుడు.”

కుంటుకుంటూనే కలిశాను.

రెండేళ్ల కింద బంచరాయి చివర గోడ లేచింది. విల్లాలు కట్టే వెంచరు వాళ్లది. గోడ బాటకు అడ్డంగా వచ్చి నీళ్ల దాకా దిగింది. వాచ్‌మన్ కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

“తాతా, ఇటు బంద్. నన్ను తిడ్తరు.”

“నీ నౌకరి నువ్వు చెయ్యి బిడ్డా. నా నౌకరి నేను చేస్తున్న.”

“రిటైరైనవట గదా, ఇంకేం నౌకరి?”

“పింఛను ఇస్తుండ్రు గద. ఊకె తీసుకుంటనా?”

వాచ్‌మన్ నవ్వాడు. చైన్‌మన్ సాబ్ ప్యాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకొని, మోకాళ్ల లోతు నీళ్లలో గోడ కొసను చుట్టి అవతలికి పోయాడు. ఆయన వెనక నేనూ పోయాను. ఆనాటినుంచి ప్రతి ఆదివారం అలాగే పోయాం. గోడ కింద కొన్ని రాళ్లు పోయాయని ఆయనకు తెలుసు. ఏ అంకెలు పోయాయో పుస్తకంలో రాసుకొని అర్జీ తయారుచేశాడు. ఏళ్ల తరబడి ఈ బాట నడిచిన మనిషి సాక్షి సంతకం దానికి కావాలి. అలాంటి మనిషిని నేనొక్కణ్ణే.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. ఆ వెంచరు కరపత్రాలు నా దుకాణంలోనే అచ్చయ్యాయి. రంగుల్లో పెద్ద ఆర్డరు. ‘మీకు మాత్రమే సొంతమైన వాకింగ్ ట్రాక్’ అని చెరువు బొమ్మ వేశారు. అందులో చెరువు చిక్కిపోయి ఉంది. అర్జీ పట్టుకొని ఆయన వచ్చినప్పుడు టేబుల్ మీద అవే కట్టలు. ఒకటి తీసి, స్కేలు కోసం జేబు తడుముకొని, మళ్లీ చెయ్యి దించేశాడు.

“గిందుల స్కేలు లేదు” అన్నాడు. అర్జీ నా ముందు పెట్టాడు.

“చూద్దాం సాబ్. వచ్చేవారం చేస్త” అన్నాను.

మరుసటి వారం బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. సంతకం ఊసెత్తలేదు. తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు. అర్జీ ఒక్కడే పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

గోడను నీళ్లలోకి ఇంకా పొడిగించారు. చివరి ఆదివారం నడుం లోతు దిగాం. పది రోజులకు జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. నీళ్ల వల్లనే అని నేను అనను, డాక్టరు కూడా అనలేదు. నేను చూడ్డానికి పోతే, ముక్కుకు గొట్టంతో ఒకటే అడిగాడు. “ఆదివారం పోయినవా?” దుకాణంలో పని ఉండె అన్నాను. నిజంగా పని లేదు. ఒక్కణ్ణే పోవడానికి బద్ధకించాను.

కార్డులు తీసుకుపోయే రోజు కొడుకు ఒక ప్లాస్టిక్ కవరు చూపించాడు. అందులో కళ్లద్దాలు, గడియారం, చింతగింజలు.

“గివేందన్నా? షుగరుకు నాటుమందా?”

చెప్పాను. “అయ్యో, గదా” అని ఫోన్ మోగితే బయటికి పోయాడు. అతని మీద కోపం తెచ్చుకోవడం సులువు. అర్జీ సంగతి కనుక్కుందామని ఆఫీసుకు పోతే, “పెట్టినాయన లేడు గదా, ఇగ ఫైలు క్లోజే” అన్న గుమాస్తా మీద ఇంకా సులువు. కానీ బతికున్నప్పుడు ఆయన అడిగింది ఒక్క సంతకం. అడిగింది నన్ను.

ఇప్పుడు నా పేరుతో అర్జీ రాశాను. దానికి మళ్లీ సాక్షి కావాలి. ఆ బాట ఎప్పుడైనా పూర్తిగా నడిచినవాళ్లు ఇది చదివితే దుకాణానికి రండి. కరపత్రాల వాళ్లు మళ్లీ వచ్చారు, వేరేచోట చూసుకోమన్నాను. ఇది మంచితనం కింద రాయకండి, ఆలస్యం అంతే.

మొన్న ఆదివారం ఒక్కణ్ణే పోయాను. పెయింటు డబ్బా, బ్రష్ ఆయన ఇంట్లో అడిగి తీసుకున్నాను. చిట్టడవి, బంచరాయి దాటి గోడ దగ్గరికి చేరాను. ఈసారి కొసన నీళ్లు ఛాతీ దాటాయి. నాకు ఈత రాదు. వెనక్కి వచ్చేశాను. గోడ అడుగున, ప్లాస్టరు కింద ఒక రాయి సగం బయటికి ఉంది. రెండంకెల్లో రెండోది మాత్రమే కనబడుతోంది, ఎండకు వెలిసి. వాచ్‌మన్ కుర్చీలోంచి చూస్తున్నాడు, లేవలేదు. కూర్చొని, కనబడిన ఆ ఒక్క అంకె దిద్దాను. పెయింటు ఆరేదాకా దాని పక్కనే ఉన్నాను. వచ్చిన బాటనే తిరిగొచ్చాను. కట్ట మీద టీ తాగలేదు.