అల్లుడుగారి రంగు

"గట్టిగ పట్టు బిడ్డా, జారుతున్నది" అని భాయ్ బయట నుంచి అంటున్నాడు. నేను వెలుతురు పడకుండా నల్లగుడ్డ కప్పుకుని, కంప్యూటర్ తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా కూర్చుని, రంగుల మీటర్‌ను రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. చూడటానికి అది మౌస్ లాగే ఉంటుంది, కింద మాత్రం గాజుకు అంటుకునే రబ్బరు కప్పులుంటాయి. తెర మధ్యలో వచ్చే గుండ్రం మీదే దాన్ని అంటించాలి. కంప్యూటర్ ఒక్కో రంగే చూపిస్తుంటే అది కొలిచి, తెర ఎక్కడ అబద్ధమాడుతోందో పట్టుకుని సరిచేస్తుంది.

అందరూ భాయ్ అని పిలిచే మా ఓనర్‌ది చిలకలగూడలో కలర్ ల్యాబ్. నేను అందులో ఫోటోలు కట్ చేసే టేబుల్ దగ్గర ఉండేదాన్ని. ఆ రోజుల్లో బస్సెక్కిన ప్రతివాడి చంకలోనూ ఒక జావా పుస్తకం ఉండేది. ఫోటోల రంగులు సరిచేసే మా కంప్యూటర్ ఆపరేటర్ కూడా అదే చదివి మాదాపూర్ వెళ్లిపోయాడు. అతని వెనక నిలబడి అన్నీ చూశాను కదా, అతని కుర్చీ నాకివ్వమని భాయ్ ప్రాణం తీశాను.

"ఈ పెళ్లి ఆల్బం పాసైతే కుర్చీ నీది. లేకుంటే మళ్ల కట్టింగ్ టేబులే" అన్నాడు.

కొలత అయ్యాక గుడ్డ తీసి చూస్తే తెరంతా నీలంగా ఉంది. పెళ్లివాళ్లందరూ చలికి బిగుసుకుపోయినట్టున్నారు.

"భాయ్, జెర నీలం కొడుతున్నది."

"గదే అసలు రంగు. ఇన్ని దినాలు మన కండ్లే తప్పు చూసినయ్."

అంత ఖరీదైన మీటర్ మాట కాదని నా కళ్ల మాట ఎవరు వింటారు? ఒక్కో ఫోటోలో నీలం తగ్గించి పసుపు పెంచి, మనుషులకు ప్రాణం పోశాననుకుని మురిసిపోయాను. తొందరలో ప్రింట్లు మిషన్‌లోంచి వచ్చిన చుట్ట వచ్చినట్టే, మేము విప్పి చూడకుండానే బోయిగూడలో బైండింగ్‌కు వెళ్లాయి. పెళ్లివాళ్లు ఆల్బం అక్కడి నుంచే తీసుకెళ్లారు.

మర్నాడు పెళ్లికూతురి తల్లి అల్వాల్ నుంచి ఆటోలో దిగింది. శ్రీకాకుళం మనిషి. ఆల్బం కౌంటర్ మీద పరిచి వేలు పెట్టి చూపించింది.

"మా పిల్ల పసుపు రాసుకుందంటే అర్థముంది. సూటేసుకుని రిసెప్షన్లో కూకున్న అల్లుడుగారికి ఎవులు రాసేరమ్మా పసుపు? వాళ్లమ్మగారు చూసి, మా వాడికి కామెర్లున్నాయని ఊరంతా అనుకోదా అంటన్నారు."

భాయ్ నా వైపు చూశాడు. ఆ చూపులో కట్టింగ్ టేబుల్ స్పష్టంగా కనిపించింది.

"మిషన్‌తోని కొలిచి చేసినమమ్మా, తప్పు రాదు. కావాలంటే మీ ముంగటనే కొలుస్తం" అని ఆయన లైట్లు ఆర్పాడు.

నల్లగుడ్డ కిందికి ఆవిడ కూడా దూరింది. మీటర్ జారుతుంటే కప్పులకు కాస్త తడి రాసి అంటించాను.

"ఇది చూపించేదేటమ్మా? ఉత్త రంగులేనా, బొమ్మలు రావా?" అందావిడ నా చెవిలో.

తెర తెల్లగా మారినప్పుడు మీటర్ ఊడి నా ఒళ్లో పడింది. ఆ తెలుపు మధ్యలో మీటర్ కూర్చున్నంత మేర పచ్చటి మరక. రబ్బరు కప్పులు కూడా పచ్చగా ఉన్నాయి.

"భాయ్, గిది మన దసరా పసుపు."

ఆయుధపూజ రోజు నేను మానిటర్‌కు పక్కన ఎక్కడో పసుపు రాయబోతే, "బొట్టు మొకానికి పెడ్తరా, వీపుకు పెడ్తరా" అని భాయే దగ్గరుండి సరిగ్గా నడిమధ్యన పెట్టించాడు. కుంకుమ ఎప్పుడో రాలిపోయింది. పూజలో పెట్టింది మన చేత్తో తుడవకూడదని ఎవరూ గట్టిగా తుడవలేదు. అందరి కళ్లూ ఆ మరకకు అలవాటు పడిపోయాయి. పాపం ఆ మీటర్, పసుపు లోంచి చూసి తెరంతా పచ్చగా ఉందనుకుని నీలం కుమ్మరించింది.

"కామెర్లు అల్లుడుగారికి కాదు, మీ మిషన్‌కన్నమాట" అందావిడ. కోపం సగం దిగిపోయింది. పూజ పసుపును ఎవరు మాత్రం ఏమంటారు?

ఇక తుడిచేదెవరు? భాయ్ నన్ను తుడవమన్నాడు. నేను భాయ్‌నే తుడవమన్నాను.

"నేను తుడిస్తే మంచిగుండదు బిడ్డా. రేపు ఏదన్న ఖరాబైతే నన్నే అంటరు."

చివరికి ఆవిడే కొంగు తడిపి శుభ్రంగా తుడిచి, ఆ కొంగు కళ్లకు అద్దుకుంది. మళ్లీ కొలిచాం. నీలం పోయింది. తెరమీద అల్లుడుగారి ముఖం నిమ్మపండులా ఉంది. అన్నీ మళ్లీ సరిచేసి సాయంత్రానికి ప్రింట్లు తీశాం. వాటిని ఆవిడ వీధి గుమ్మంలోకి పట్టుకెళ్లి, ఇంకా మిగిలిన పగటి వెలుతురులో చూసింది.

"ఇప్పుడు మనిషిలాగున్నారు. ఇదే బైండు చేయించండి" అని వెళ్లిపోయింది.

"పాసైంది గద భాయ్. కుర్చీ?" అన్నాను.

"రెండోపారి పాసైంది. రేపు సోంచాయిద్దాం."

ఆయన ఆలోచించడం షురూ చేస్తే మళ్లీ దసరా దాటుతుంది. మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు ల్యాబ్‌కు వెళ్లి, కట్టింగ్ టేబుల్ అరలోంచి నా టిఫిన్ డబ్బా, దువ్వెన, పౌడర్ డబ్బా తీసుకొచ్చి కంప్యూటర్ కింది సొరుగులో సర్దుకుని, సొరుగుకు తాళం వేసుకున్నాను.